బూరల్

డిసెంబరు పశుగణన. తమీర్ నది గడ్డకట్టి పది రోజులు.
ఆపితే మళ్ళీ అంటుకోదేమోనని
మోటారుసైకిలు అలా మోగుతుండగానే వదిలేసి
ఉన్ని గుడారంలోకి దూరాను.
సెవ్‌జిద్ అవ్వ ఉప్పేసిన పాలటీ పోసింది.
గొర్రెలు రెండొందల పన్నెండు.
మేకల సంగతి అడగకు, అంది.
అడిగాను. తొంభై.
గుర్రాలు నలభై మూడు.

మందని నడిపే పోతుగుర్రం రంగు?
గడ్డకట్టిన కలాన్ని నోట్లో పెట్టుకుని కరిగిస్తూ అడిగాను.
"బూరల్."

బయటికొచ్చి చూశాను.
జేగురు కొండరాయిలా నిలబడి ఉంది,
చెవి నుంచి డెక్క దాకా ఒకే ఎరుపు.
"ఎరుపే కదవ్వా," అన్నాను.
జిల్లా కేంద్రంలో పుట్టినవాణ్ణి,
గుర్రాల్ని ముందు పుస్తకంలో చూసినవాణ్ణి.

ఆవిడేమీ అనలేదు. చేతితొడుగుల్ని పళ్ళతో లాగేసి
దాని డొక్క మీద రెండు బొటనవేళ్ళూ ఆనించి
పొయ్యి ఊదినట్టు ఊదింది.
చలికాలపు బొచ్చు పాపిట తీసినట్టు విడిపోయింది.
అడుగున, తోలు దగ్గర,
తెలుపు.
ఎరుపు పక్కన తెలుపు, తెలుపు పక్కన ఎరుపు,
ఏ వెంట్రుక రంగు దానిదే.
కలిసి ఉన్నాయే గానీ కలిసిపోలేదు.

"వసంతంలో రా. ఈ పైబొచ్చంతా రాల్చేశాక
నిప్పుల మీద ఉప్పు చల్లినట్టుంటాడు.
తల ఎర్రగానే ఉంటుంది. కాళ్ళూ ఎర్రగానే.
తెలుపు మెడ దాటి పైకి పోదు,
మోకాలు దాటి కిందికి దిగదు."

ముసలిదా?
"ఏడేళ్ళు. పుట్టినప్పుడు వట్టి ఎరుపే.
పిల్లబొచ్చు రాలాక బయటపడింది అసలు సంగతి.
మా గొంబో చూసి,
వీడెవడే, నాకంటే ముందే తాతయ్యాడు, అన్నాడు."

మా భాషలో నెరిసిన తలకీ అదే మాట. బూరల్.
అవ్వనీ అలాగే పిలుస్తాం, గౌరవంగా.
ఆ గౌరవం ఆవిడకి గిట్టదని అప్పుడు తెలిసింది.
"నాది వేరు. నాది ఏటేటా కొంచెం కొంచెం తిన్నది.
వెండిగుర్రాలకి ఉంటుంది ఆ తెగులు,
నల్లగా పుట్టి, పదేళ్ళు తిరక్కుండా పాలైపోతాయి.
వీడికి మొదట ఎంత తెలుపో చివరిదాకా అంతే.
వయసుకని ఒక్క వెంట్రుక అదనంగా చెల్లించడు."

"ఇదీ రాసుకో," అని నా చేతిని
దాని వెనకతొడ మీదికి లాగింది.
అరచేయంత గట్టి మచ్చ. తోడేలు పట్టు.
అక్కడా ఊదింది.
తెలుపు లేదు. అడుగుదాకా ఎరుపే, చిక్కగా.
"దెబ్బ తగిలిన చోట వీడికి తెలుపు మొలవదు."

నా మోకాలి మీద చిన్ననాటి కోత ఇప్పటికీ పాలిపోయి ఉంది.
నాకు తెలిసిన గాయాలన్నీ రంగు పోగొట్టుకున్నవే.
ఇదొక్కటే వెళ్ళి తన రంగు తెచ్చుకుంది,
కాస్త ఎక్కువే తెచ్చుకుంది.

"ఆ రాత్రి తుపాకీ పట్టుకెళ్ళమన్నాను," అంది అవ్వ,
బొచ్చుని మళ్ళీ చేత్తో సర్దుతూ.
"పట్టుకెళ్ళలేదు."
తర్వాత, "నీ టీ చల్లారుతోంది."

గడి చాలా చిన్నది.
బూరల్ అని రాసి, పక్కన ఇరికించి,
వసంతంలో చూడాలి, అని రాశాను.
పై అధికారి కొట్టేస్తాడు.

కనుమ ఎక్కుతుంటే మంచు మొదలైంది.
వెనక్కి చూశాను. చలికాలపు బొచ్చు మీద మంచు కరగదు.
ఎరుపువీ, నలుపువీ, ఎండుగడ్డి రంగువీ,
నలభై మూడూ
నా కళ్ళముందే బూరల్ అయిపోతున్నాయి.
లెక్క సరిగ్గానే రాశాను. రంగులన్నీ తప్పు.
తిరిగెళ్ళి దిద్దుదామనుకున్నాను.
పెట్రోలు చాలదు.